ఆరబెట్టిన దోనె

ఆ రోజుల్లో నీళ్ళలో మునిగి కనిపించిన ప్రతి వస్తువూ పాడైపోతున్నదనీ, దాన్ని బయటికి లాగి రక్షించడానికే భగవంతుడు నన్ను పుట్టించాడనీ నాకు గట్టి నమ్మకం ఉండేది. చరిత్రలో ఎం.ఏ. చేసి, తాడేపల్లిగూడెంలో మా ఇంటి అరుగు మీద ఆరు నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, ఏలూరులో కాలవ గట్టున ఒక చిన్న మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. పాత పెంకుటిల్లు. ఊళ్ళో పెద్దలు కొందరు కలిసి నడిపేవారు. పొద్దున్నే గూడెం స్టేషన్లో పాసింజరు ఎక్కేదాన్ని, చీకటి పడేవేళకు మళ్ళీ అక్కడే దిగేదాన్ని. "ఎం.ఏ. చదివింది ఇత్తడి సామాన్లు తోమడానికటే? ఆ పనేదో మనింట్లోనే బోలెడుంది కదా" అని మా అమ్మ రోజూ క్యారేజీ కడుతూ అనేది. (ఇంట్లో సామాన్ల మీద నేను ఏనాడూ చెయ్యి వేసిన పాపాన పోలేదని ఆవిడ బాధ.) నేను మాత్రం మెడలో ఐడీ కార్డు తగిలించుకుని, చరిత్రంతా నాకోసమే ఎదురుచూస్తున్నట్టు నడిచేదాన్ని.

మ్యూజియానికి పెద్దదిక్కు ఒక రిటైరైన హైస్కూలు మాస్టారు. అందరూ ఆయన్ని లేబుళ్ళ మాస్టారు అనేవారు. కనిపించినదానికల్లా చీటీ రాసి అంటించకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. తాళపత్రాలకూ, పాత తివాచీ ముక్కలకూ అంటే సరే, వరండాలో మంచినీళ్ళ కుండకు కూడా "కుండ. మట్టి. వాడుకలో ఉన్నది" అని అంటించి ఉండేది. ఆయన దగ్గర ఒక లావుపాటి రిజిస్టరు ఉండేది. ఏ వస్తువు వచ్చినా అది ఎక్కడిదో, ఎవరిచ్చారో, ఏ స్థితిలో ఉందో అందులో రాయాలి. "వస్తువు పోయినా రాసింది ఉంటుందమ్మాయ్. ఇందులో అబద్ధం రాస్తే ఊరందరికీ అబద్ధం చెప్పినట్టే" అనేవారు. వచ్చేవాళ్ళు తక్కువే. కోర్టు పని మీదో ఆసుపత్రికో కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్ళు, బస్సుకు ఇంకా టైముంటే, లోపలికి వచ్చి ఫ్యాను కింద కాసేపు నిలబడేవాళ్ళు. ఒకసారి అలా వచ్చిన పెద్దాయన ఒకరు గదులన్నీ తిరిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "అన్నీ బాగున్నాయండీ. మాదే ఏదీ లేదు" అన్నాడు. నిష్ఠూరమేమీ లేదు, ఉన్న మాట అన్నాడంతే. ఆ మాట మాస్టారికి ముల్లులా దిగింది. రెండు రోజులు ఒక్క చీటీ కూడా రాయలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "పక్కనే అంత కొల్లేరు పెట్టుకుని ఆ మనుషులది ఒక్క వస్తువైనా మన దగ్గర లేదమ్మాయ్. వెళ్ళి ఏదైనా తీసుకురా. అడిగి తీసుకురా" అన్నారు. (ఆ చివరి రెండు మాటలూ నా చెవికి ఎక్కలేదు.)

మ్యూజియానికి అప్పుడప్పుడు అద్దెకు వచ్చే చిన్న గూడ్సు వ్యాను ఒకటి ఉండేది. దాని డ్రైవర్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. వానలు తగ్గుముఖం పట్టిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరం కొల్లేటికోట వైపు బయల్దేరాం. దారి పొడుగునా చేపల చెరువులే. తాటిమొద్దును తొలిచి చేసే పాతకాలపు దోనె ఒకటి దొరికితే చాలని నా ఆశ. ఎక్కడ ఆపి అడిగినా, "తాటి దోనెలెక్కడివండీ ఇప్పుడు, అన్నీ ఇనప పడవలే" అన్నారు. చివరికి ఒక లంక పక్కన, చిన్న కాలవలో, నీళ్ళ అడుగున నల్లగా, పొడుగ్గా ఒకటి కనిపించింది. తాటి దోనే! నిండా మునిగి ఉంది. లోపల రాళ్ళు. ఎవరో నిర్దయులు రాళ్ళూ రప్పలూ పోసి పారేశారని తీర్మానించేశాను. దానికి కట్టిన తాడు గట్టు మీది గుంజకు మూడు ముళ్ళు వేసి ఉంది. (పారేసిన వస్తువును ఎవరైనా గుంజకు కట్టుకుంటారా అన్న చిన్న సందేహం ఎం.ఏ. చదివిన బుర్రకు తట్టలేదు.)

"అమ్మాయిగారూ, ఊళ్ళోకెళ్ళి ఎవర్నన్నా ఓ మాట అడుగుదామండీ" అన్నాడు బాబాయి.

"అడిగితే ఇవ్వరు బాబాయ్. ఇవ్వకుండా ఇక్కడే కుళ్ళబెడతారు."

"మరి వాళ్ళదే కదండీ?"

"చరిత్ర అందరిదీ బాబాయ్!" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

అంతలో చెరువుల్లో చేపల పట్టుబడికి పైవూళ్ళ నుంచి వచ్చిన కూలీలు నలుగురు అటుగా వచ్చారు. నా మెడలో కార్డు చూసి ఏ గవర్నమెంటు ఆఫీసరో అనుకున్నారు కాబోలు, మారుమాట లేకుండా నీళ్ళలో దిగి, రాళ్ళు తీసేసి, దోనెను ఎత్తి వ్యాను మీద పెట్టారు. నేను మాస్టారి శిష్యురాలినే కదా, ఉత్త చేతుల్తో రాలేదు. "ఈ వస్తువు మ్యూజియం సంరక్షణలో ఉన్నది" అని ఏలూరు అడ్రసుతో సహా చీటీ రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ గుంజకు కట్టి వచ్చాను. తిరుగుదారిలో దోనె తోక వ్యానులోంచి అంత పొడుగున బయటికి వచ్చి ఉంటే, దానికి నా ఎర్ర చున్నీ కట్టాం. దోనె అడుగున బురదలో ఒక కొరమీను ఇంకా కొట్టుకుంటోంది. "దీనిక్కూడా లేబులేస్తారా అండీ?" అని బాబాయి చాలా వినయంగా అడిగి, ఇంటికి పట్టుకుపోయాడు.

మాస్టారు దోనె చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆనందం ఆయన గొంతులోనే తెలుస్తోంది. "ఎవరిచ్చారమ్మాయ్?" అన్నారు. "ఎవరూ లేరండీ మాస్టారూ, వదిలేసి ఉంది" అన్నాను. ఆయన కలం నా చేతికే ఇచ్చారు. రిజిస్టర్లో నేనే, నా చేత్తోనే, దాత అన్నచోట "లేరు" అనీ, స్థితి అన్నచోట "వదిలివేయబడినది" అనీ రాశాను. ఆ తరవాత దాన్ని పెరట్లోకి చేర్చి, బ్రష్షుతో రుద్ది కడిగి, నడిఎండలో పెట్టాను. చినుకు పడితే పరుగెత్తి టార్పాలిన్ కప్పేదాన్ని. ఎండ వస్తే తీసేసేదాన్ని. సాయంత్రమైతే టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం పెరట్లోంచి టప్పుమని చప్పుడు. మాస్టారు తలెత్తి, "కొబ్బరికాయ పడ్డట్టుంది" అన్నారు. మర్నాడు ఇంకో కాయ పడింది. ఆ మర్నాడు రెండు. మా పెరట్లో కొబ్బరిచెట్టు లేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. వారం తిరిగాక చూస్తే దోనెకు ఈ కొస నుంచి ఆ కొసకు పగుళ్ళు. పాత వస్తువు కదా, అవి ఎప్పట్నుంచో ఉన్నాయి, బురద పోయాక బయటపడ్డాయి అనుకున్నాను. చక్కని దస్తూరీతో "పురాతన పగుళ్ళు" అని చీటీ రాసి అంటించాను కూడా.

పది రోజులకు ఒక మామ్మగారు వచ్చారు. తెల్లచీర, చంకలో గుడ్డసంచి. ఎండన పడి నడిచి వచ్చినట్టున్నారు, మొహమంతా చెమట. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న నా చీటీ తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఏవండీ, ఇది రాసింది మీరేనాండీ? మా అమ్మాయి పురిటికని ఉండి ఊరు వెళ్ళానండీ. నిన్ననే వచ్చా. రేవులో దోనె లేదు, ఇదుంది."

నేను ఉత్సాహంగా ఆవిడను పెరట్లోకి తీసుకెళ్ళాను. మెచ్చుకుంటారనుకున్నాను! మామ్మగారు దోనెను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. తరవాత మెల్లగా వచ్చి కింద కూర్చుని, పగుళ్ళ వెంట వేలు పోనిచ్చారు. నా చీటీ దగ్గర వేలు ఆగింది. మిషన్ బళ్ళో చదువుకున్న మనిషి, కూడబలుక్కుంటూ పైకే చదివారు. "పు-రా-తన పగుళ్ళు." చదివి, చిన్నగా నవ్వారు. "పోయిన నెల్లో ఇవి లేవు తల్లీ" అన్నారు.

నాకు ఏదో తేడా జరిగిందని అప్పుడు అర్థమైంది. "బాగా ఆరబెట్టామండీ..." అని నసిగాను.

"తాటి దోనెని ఆరబెట్టకూడదమ్మా. పని లేనప్పుడు రాళ్ళేసి నీళ్ళలో ముంచుతాం. నీళ్ళలో ఉంటేనే అది బతికుంటుంది. ఎండకి పెడితే ఇదిగో, ఇలా చచ్చిపోద్ది. మా లంకలో పసిపిల్లల్నడిగినా చెప్తారండీ."

మాస్టారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో నాకు తెలియదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఉన్నారు. మామ్మగారు ఆయన వైపు తిరిగి, తప్పు తనదే అయినట్టు మెల్లగా చెప్పారు. ఆ దోనె వాళ్ళాయన తొలిచింది. ఆయన పోయాక, నీళ్ళ మధ్య ఉన్న సమాధుల దిబ్బకు ఆయన్ని తీసుకెళ్ళింది కూడా దీన్ని ఇంకో దోనెతో జత కట్టే. ఇప్పుడు చెరువు గట్ల మీదుగా ఆటోలు వెళ్ళే దారి పడింది, అందరూ అలాగే వెళ్తారు. ఆవిడ మాత్రం ఏటా నవంబరు రెండున, క్రైస్తవులు తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండగనాడు దీన్ని పైకి తీసి, ఆయన చేసిన దోనె మీదే ఆయన దగ్గరికి వెళ్తారు. సంవత్సరంలో ఆ ఒక్క రోజు కోసమే మిగతా రోజులన్నీ దాన్ని ముంచి కాపాడుకుంటారు. "వారం రోజుల్లో పండగండీ. అందుకని వచ్చా" అన్నారు.

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఆ పెరట్లో నిలబడి పెద్దగానే ఏడ్చాను. మామ్మగారే లేచి కొంగుతో నా మొహం తుడిచి, "ఊరుకో తల్లీ, ఏడిస్తే వచ్చే నీళ్ళు దీనికి చాలవు. బిందె ఉందా?" అని అడిగారు.

మ్యూజియంలో బిందెలకు కొదవా! మాస్టారు తన చేత్తోనే రెండు ఇత్తడి బిందెల లేబుళ్ళు పీకేశారు. ఆ వారం రోజులూ నేను చేసిన ఉద్యోగం నీళ్ళు మొయ్యడమే. మామ్మగారు చెప్పినట్టు దోనె మీద గోనెసంచులు కప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తడిపాను. నడుం పట్టేసి ఇంటికెళ్తే, మా అమ్మ "తోమే పని నుంచి మోసే పనికి ప్రమోషన్ ఇచ్చారా?" అంది. సన్న పగుళ్ళు మూసుకున్నాయి. అడుగున ఒక్కటి మాత్రం ససేమిరా అంది. దాన్ని గుడ్డపేలికలతో, తారుతో నింపి, పండగనాడు మళ్ళీ బాబాయి వ్యాను ఎక్కించాం.

అదే రేవు. అదే గుంజ. మాస్టారూ బాబాయీ గట్టు మీద నిలబడ్డారు. మామ్మగారు దోనె చివర నిలబడి గెడ వేస్తుంటే, నేను మధ్యలో గొంతుకూర్చుని ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు తోడుతున్నాను. ఎంత తోడినా పగులులోంచి ఊరుతూనే ఉన్నాయి. నాకు ఈత రాదు. (ఆ సంగతి దరి మీద చెప్పే ధైర్యం లేకపోయింది.) ఒళ్ళో కొవ్వొత్తుల పొట్లం, బంతిపూలు తడవకుండా పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో తోడాలి. మామ్మగారు ఒక్కసారి కూడా కిందికి చూడలేదు, దిబ్బ వైపే చూస్తూ గెడ వేశారు. మోకాళ్ళ దాకా తడిసి దిబ్బ ఎక్కాం. అప్పటికే అక్కడ జనం పాటలు పాడుకుంటున్నారు. మామ్మగారు ఆయన సమాధి మీద పూలు సర్ది, కొవ్వొత్తి వెలిగించి, నన్ను దగ్గరికి లాగి సమాధితో అన్నారు:

"ఇదిగోండి, మీ దోనెని ఆరబెట్టిన అమ్మాయి. నీళ్ళు మాత్రం బాగా తోడిందండీ."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

తిరిగి రేవుకు వచ్చాక ఆవిడ గెడ గట్టున పెట్టి, "ఇంక ఇది నన్ను మొయ్యదు. మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. కానీ నీళ్ళలో ఉంచండి" అన్నారు. మాస్టారు పెరట్లో దోనె పొడుగున సిమెంటు తొట్టి కట్టించారు. రాళ్ళు వేసి ముంచడానికి మామ్మగారే వచ్చారు. ఆ రోజే రిజిస్టరు తెప్పించుకుని, నేను రాసింది చదివి, "వదిలేశానని ఎవరు చెప్పారమ్మా నీకు?" అని అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేది. నేను ఎర్రసిరాతో కొట్టేసి, ఆవిడ చెప్పినట్టే రాశాను. "దాత: దోనె చేసినాయన భార్య. స్థితి: వదిలెయ్యలేదు. ఇచ్చారు." ఆ తరవాత లంకల నుంచి ఏలూరు వచ్చినవాళ్ళు చాలామంది మా పెరట్లోకి వచ్చేవాళ్ళు. తొట్టిలో చెయ్యి పెట్టి దోనెను తడిమి, నీళ్ళు తగ్గితే మమ్మల్ని అడక్కుండానే బిందెడు పోసి, బస్సుకు వెళ్ళిపోయేవాళ్ళు.

మాస్టారూ లేరిప్పుడు, మామ్మగారూ లేరు. ఆవిడ కూడా ఆ దిబ్బ మీదే, ఆయన పక్కనే ఉన్నారు. నవంబరులో నేను ఆటోలో వెళ్ళి రెండు కొవ్వొత్తులు వెలిగించి వస్తాను. మాస్టారి కుర్చీలో నేనే కూర్చుంటున్నాను, వరండాలో కుండకు లేబుల్ అలాగే ఉంది. మా అభిప్రాయాల పుస్తకంలో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా, చక్కని దస్తూరీతో, మంచి కోపంతో రాస్తారు: "విలువైన దోనె నీళ్ళలో మునిగి పాడవుతున్నది. సిబ్బంది నిర్లక్ష్యం. వెంటనే బయటికి తీసి ఆరబెట్టవలెను." చదివినప్పుడల్లా ఎర్ర చున్నీ కట్టిన వ్యానులో, మెడలో కార్డుతో, చరిత్రను రక్షించుకొస్తున్న ఆ పిల్ల కళ్ళ ముందు కదులుతుంది. దాని మీద కోపం రావడం ఎప్పుడో మానేసింది, నవ్వే వస్తుంది. కలం తీసి కింద జవాబు రాస్తాను: "ఆరబెట్టకూడదండీ. మేమూ అడగకుండా ఒకసారి ఆరబెట్టాం."