పక్కన నిలబడే చోటు

మా అక్క ఈల వినబడితే ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఇప్పటికీ నడుం నిటారు చేసుకుని నిలబడతారు. అందులో నేనూ ఒకదాన్ని. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. మెడలో ఈల లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు. ఒకసారి వంటింట్లో పాలు పొంగుతుంటే గిన్నె దించడం మానేసి ఈల ఊదింది మహాతల్లి. ఈల ఊదితే పాలు ఆగుతాయా? పొయ్యి తుడుచుకున్నది నేను. ఊరంతా ఆవిణ్ణి ఈల టీచరు అంటుంది, ఆవిడ కూడా ఆ పేరుకే పలుకుతుంది.

తోడికోడలు కాకముందే ఆవిడ నాకు తెలుసు. అదే బడిలో నేను చిన్న తరగతిలో ఉండగా స్టేజీ ఎక్కించి ఓ గేయం చెప్పమన్నారు. మొదటి రెండు చరణాలూ గడగడా చెప్పేసి, మూడోదాని దగ్గర నోరు పెగలక నిలబడిపోయాను. హాలంతా నావైపే చూస్తోంది. అప్పుడు పెద్ద తరగతి పిల్ల ఒకతె, పొడుగ్గా, మోకాలికి కట్టుతో, చకచకా మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడింది. చరణం అందిస్తుందేమోనని చూశాను. ఊహూఁ, ఒక్క ముక్క అందించలేదు. కనీసం చెయ్యి కూడా పట్టుకోలేదు. తనకి అక్కడేదో పనున్నట్టు ఊరికే నిలబడింది. నాకు ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది, చరణం దానంతటదే నోట్లోకి వచ్చింది.

అది ఆ బడి పద్ధతి. స్టేజీ మీద ఎవరైనా ఆగిపోతే, దగ్గర్లో ఉన్న పిల్ల ఎక్కి పక్కన నిలబడాలి. అందించకూడదు, నవ్వకూడదు, అవతలి పిల్ల పూర్తిచేసేదాకా దిగకూడదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆ పొడుగు పిల్లే తర్వాత అదే బడికి టీచరుగా వచ్చింది, ఇంకొన్నేళ్ళకి తన మరిదికి నన్ను అడిగింది. "స్టేజీ మీద ఏడవకుండా నిలబడ్డ పిల్ల. మా ఇంట్లోనూ నిలబడుతుంది" అందట మా అమ్మతో. ఆ ఇంట్లో నిలబడాలంటే అంత గుండె ధైర్యం కావాలని నాకు అప్పుడే తట్టాల్సింది. సరే, ఇప్పుడనుకుని ఏం లాభం?

పిల్లలు తగ్గిపోయారని మొన్నామధ్య మా ఆడపిల్లల బడిని రోడ్డుకి అవతల ఉన్న మగపిల్లల బడిలో కలిపేశారు. ఇటు బోర్డు దించేశారు, పిల్లల్ని అటు దాటించారు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను దర్జీని. ఇంటి ముందుగదే నా షాపు. కొత్త బడి యూనిఫారాలు కుట్టే పని నాకే వచ్చింది. ఆ బూడిదరంగు గుడ్డని కత్తెరతో కన్నా నోటితోనే ఎక్కువ కత్తిరించాను. అక్క మాత్రం కన్నీరు పెట్టలేదు.

"గోడలు పోతే పోయాయిలే" అంది టీ గ్లాసు నా మిషను మీద పెట్టి. "ఈ ఏడాది చివరికి నేనూ రిటైరవుతాను. ఈలోగా పక్కన నిలబడే ఆ ఒక్క అలవాటూ అటువాళ్ళకి అంటించేస్తే చాలు. అది పోయిందంటే మాత్రం మన బడి నిజంగా పోయినట్టే."

"మిషను మీద టీ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను. అలా అన్నానే గానీ, ఆ మాట నా మనసులో పడిపోయింది.

అంటించడం అంత తేలికా? అటు హెడ్మాస్టరుగారికి వరసలంటే ప్రాణం. చేతిలో చెక్క స్కేలు లేనిదే గదిలోంచి బయటికి రారు. కొట్టడానికి కాదు పాపం, పిల్లల వరస తిన్నగా ఉందో లేదో చూసుకోవడానికి. అందుకే ఆయన్ని స్కేలు సారు అంటారు.

కొత్తలోనే ఒకరోజు పొద్దున్న అసెంబ్లీలో మా పిచ్చుక వాన గురించి నాలుగు మాటలు చెప్పడానికి స్టేజీ ఎక్కింది. పిచ్చుకంటే బస్సు కండక్టరుగారి కూతురు. చిన్న తరగతే కానీ, దాని నోటికి మూతన్నది లేదు. అలాంటిది, ముందు అంతమంది మగపిల్లల్ని చూసేసరికి మధ్యలో ఆగిపోయింది. మొదటి వరసలో ఒక పొడుగు కుర్రాడున్నాడు, నిచ్చెన అంటారు. వాడు కిసుక్కుమన్నాడు. వాడి వెనక బడంతా గొల్లుమంది. మా పాత బడి పిల్లలిద్దరు గబగబా మెట్లవైపు కదిలారు.

"లైను తప్పొద్దు!" అని అరిచారు స్కేలు సారు.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పిచ్చుక తల దించుకుని కిందికి దిగిపోయింది. యూనిఫారం తీసుకోవడానికి వచ్చినప్పుడు దాని తండ్రి నాతో అన్నాడు, "ఇంట్లో రేడియో పాడైపోయినట్టుందమ్మా. అడిగిందానికి ఊఁ అంటుంది, అంతే." కూతురి వాగుడికి రోజూ విసుక్కునే మనిషే, ఆ రోజు కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయనా మంచి మాటే చెప్పారట. "మీ పద్ధతి మంచిదే కావచ్చు మేడం. కానీ ఒకరు ఆగినప్పుడల్లా ఇంకొకరు ఎక్కితే అది స్టేజీ అవుతుందా, బస్టాండు అవుతుందా?"

అక్కకి ముక్కు మీదే ఉంటుంది కోపం. "అయితే చూడండి సార్. వార్షికోత్సవంలో ఆ పిల్లే మాట్లాడుతుంది. ఎవ్వరూ స్టేజీ ఎక్కరు. ఆగకుండా పూర్తిచేస్తే మా పద్ధతి మీ బడికి పెట్టాలి."

"ఆగితే?"

"ఆగితే నేనిక ఆ ఊసే ఎత్తను."

ఇంటికొచ్చి చెప్పగానే ఒంటికాలి మీద లేచాను. "పక్కన నిలబడే పద్ధతి కోసం, పక్కన ఎవరూ నిలబడకుండా పందెమా? నీ బుర్ర గాని చెడిందా అక్కా?"

"నోరు జారిందే" అంది, చిన్నపిల్లలా గోళ్ళు చూసుకుంటూ. నాకు నవ్వాగలేదు. అక్కా నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరం గుడ్డల తానుల మీద కూలబడ్డాం.

మర్నాటి సాయంత్రం నుంచి నా షాపు బడైపోయింది. నేను గుడ్డలు కత్తిరించే బల్లే స్టేజీ. అక్క మొదలుపెట్టిన చదువు వింటే మీరు నమ్మరు. మర్చిపోవడం ప్రాక్టీసు! బల్ల ఎక్కాలి, మాట్లాడాలి, మధ్యలో కావాలనే ఆగిపోవాలి. ఆగి, కంగారుపడకుండా నిలబడాలి. ఒకరు వచ్చి పక్కన నిలబడతారు. అప్పుడు మిగతాది చెప్పి దిగాలి.

"మర్చిపోతామని కాదే పిల్లలకి భయం. మర్చిపోయాక ఏమవుతుందోనని" అంది అక్క. "ఏమీ కాదని రోజూ చూపిస్తే సరి."

మొదట్లో పిచ్చుక బల్ల అంచు పట్టుకుని వేలాడేది, పైకి మాత్రం ఎక్కేది కాదు. ఒకరోజు అక్క నిచ్చెనని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "నవ్వినవాడే ముందు ఎక్కాలి. ఎక్కరా" అంది. ఎక్కాడు. బల్బుకి తల తగిలింది. నోరు తెరిచాడు, ఇంక చూడండి, ప్రాక్టీసు అక్కర్లేకుండానే అన్నీ మర్చిపోయాడు. ఏ తరగతిరా అంటే అదీ చెప్పలేకపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు పిచ్చుక ఎవరూ చెప్పకుండానే బల్లెక్కి వాడి పక్కన నిలబడింది. వాడి మోచేతి దాకా కూడా రాలేదు. వాడు కిందికి చూసి, "నవ్వట్లేదేంటి నువ్వు?" అన్నాడు.

"మా బళ్ళో నవ్వకూడదు" అంది.

అదే మొదలు. మళ్ళీ దాని నోటికి మూత పడలేదు. నేనే దణ్ణం పెట్టి ఇంటికి పొమ్మనాల్సి వచ్చేది. నిచ్చెన కూడా రోజూ వచ్చి కూర్చునేవాడు, అడ్డంగా కాళ్ళు చాపుకుని. పిచ్చుక ఉపన్యాసంలో చివర ఒక మాట ఉంది: "వాన వెలిశాక మా వీధిలో అన్నిటికన్నా ముందు వినబడేది..." సరిగ్గా అక్కడ ఆగేది. రోజూ అక్కడే.

వార్షికోత్సవం దగ్గరపడుతుండగా స్కేలు సారు కోటు పట్టుకుని నా షాపుకి వచ్చారు. పొట్ట పెరిగింది, కోటు పెరగలేదు. టేపు పట్టుకుని నేను కొలుస్తుంటే ఆయన రెండు చేతులూ చాపి నిలబడ్డారు. బల్ల మీద పిచ్చుక చెబుతూ చెబుతూ టక్కున ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నారు సారు.

"మర్చిపోతున్నాను సార్. ప్రాక్టీసు."

నిచ్చెన వెళ్ళి దాని పక్కన నిలబడ్డాడు. అది మిగతాది చెప్పి దిగింది. సారు చేతులు దించడం మర్చిపోయి చూస్తున్నారు. కొలతలు ఎప్పుడో అయిపోయాయి. కాసేపటికి నాతో నెమ్మదిగా అన్నారు, "మా చిన్నప్పుడు మర్చిపోతే దిగిపోవడమేనమ్మా. నేనూ దిగిపోయాను. మళ్ళీ స్టేజీ ఎక్కింది హెడ్మాస్టరు అయ్యాకే. అదీ కాగితం చూసి చదవడానికి."

నేను ఎవరికైనా ఏదో ఒక చురక అంటించే మనిషిని. ఆ రోజు మాత్రం కోటు నడుం దగ్గర ఆయన అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే వదిలాను.

వార్షికోత్సవం నాడు హాలు కిక్కిరిసిపోయింది. స్టేజీ మీద పెద్ద కుర్చీలో స్కేలు సారు, కొత్త కోటులా కనిపించే పాత కోటులో. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టున్నాడు కండక్టరుగారు, భుజాన సంచీ ఇంకా ఉంది. పిచ్చుక మైకు ముందుకొచ్చి మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందని! గొడుగు తిరగబడటం, పుస్తకాల సంచీ తడవడం, అన్నీ చెబుతుంటే హాలు పడీ పడీ నవ్వింది.

"వాన వెలిశాక మా వీధిలో అన్నిటికన్నా ముందు వినబడేది..."

ఆగింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల మర్చిపోలేదు! రోజూ ఆగే చోటే ఆగింది. ఆగి, అలవాటు ప్రకారం ఎవరో ఒకరు పక్కకి వస్తారులే అని హాయిగా నిలబడి చూస్తోంది. మేమే నేర్పాం. మా చేతులారా నేర్పాం! నిచ్చెన సగం లేచాడు. అక్క కళ్ళతోనే వాణ్ణి కూర్చోబెట్టింది. మాటంటే మాటే కదా. ఈల పళ్ళ మధ్య కరుచుకుని, పాలిపోయిన మొహంతో గోడకి ఆనుకుంది. ఆవిడ ఏడాది కష్టమంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. స్కేలు సారు లేచారు. పిల్లని దింపేస్తారనుకున్నాం అందరం. ఆయన స్కేలు కుర్చీలో పెట్టేసి, నడిచి వచ్చి, పిచ్చుక పక్కన నిలబడ్డారు. ఒక్క మాట అందించలేదు. ఎదురుగా ఎటో చూస్తూ ఊరికే నిలబడ్డారు.

పిచ్చుక తలెత్తి ఆయన్ని చూసింది. గుసగుసగానే అంది కానీ మైకు ఊరుకుంటుందా? హాలంతా వినబడింది. "సార్, నేను మర్చిపోలేదు. ఇక్కడ ఆగడం అలవాటైపోయింది."

"ఫరవాలేదమ్మా" అన్నారు సారు. "నేనూ ఊరికే నిలబడ్డాను."

హాలు గొల్లుమంది. ఈసారి అందరికన్నా ముందు నవ్వింది పిచ్చుకే. నవ్వు ఆపుకుని చెప్పింది: "...ముందు వినబడేది మా నాన్న బస్సు బెల్లు. అది వినబడితే ఇక నాకు చీకటన్నా భయం ఉండదు." కండక్టరుగారు సంచీలో మొహం దాచుకున్నాడు.

అంతా అయ్యాక మెట్ల దగ్గర ఇద్దరూ తగువు పెట్టుకున్నారు.

"మధ్యలో ఆగింది కాబట్టి పందెం నాది మేడం" అన్నారు సారు.

"ఎవరూ ఎక్కలేదు కాబట్టి నాది. మీరు ముందే పైనున్నారు" అంది అక్క.

సారు బాగా ఆలోచించి, "ఒక్కరే నిలబడాలి. గుంపుగా వద్దు" అన్నారు. అలా తేలింది. మర్నాడు బడికి వెళ్ళి చూద్దును కదా, స్టేజీ మీద మైకు పక్కన ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని, స్కేలు పెట్టి తెల్లరంగుతో గడి గీస్తున్నారు. పక్కన నిలబడేవాళ్ళ చోటట అది. గీత ఎంత తిన్నగా ఉందని!

అక్క రిటైరైన రోజున మాట్లాడమని మైకు ఇచ్చారు. "ఆటల టీచరుకి మాటలెందుకు?" అంటూనే మొదలుపెట్టింది. రోడ్డుకి ఇవతలి పాత బడి గురించి, దాని వసారా గురించి చెబుతూ, "ఆ వసారాలో..." అని ఆగిపోయింది. ఇది ప్రాక్టీసు కాదు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. జీవితంలో మొదటిసారి మా అక్కకి నోరు పెగల్లేదు.

నేను ఒక్క ఉదుటున లేచాను. చిన్నప్పుడు నా కోసం ఎక్కిన మనిషి. ఇప్పుడు నేను ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారు? కుర్చీలు తోసుకుంటూ, ఎవరి కాళ్ళో తొక్కుకుంటూ మెట్ల దాకా పరిగెత్తాను. చూద్దును కదా, తెల్లగడిలో అప్పటికే నిచ్చెన ఉన్నాడు. ఆ ఆడపిల్లల బడి గుమ్మమైనా తొక్కని కుర్రాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎదురుగా ఎటో చూస్తూ, తనకి అక్కడేదో పనున్నట్టు ఊరికే నిలబడ్డాడు.

మెట్లకి అడ్డంగా స్కేలు వచ్చింది. "చోటు నిండిందమ్మా. లైను తప్పొద్దు" అన్నారు సారు, నవ్వుతూ.

ఇంకెప్పుడైనా అయితే ఆయన్ని అక్కడికక్కడే కడిగి పారేసేదాన్ని. ఆ రోజు మాత్రం నోరు మూసుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాను. సంతోషంతో కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. పక్కన కూర్చున్నావిడ ఏమైందని అడిగింది. "నాకు అక్కడ పని లేకుండా పోయిందండీ" అన్నాను. పైన అక్క గొంతు సవరించుకుని వసారా గురించి మిగతాది చెప్పడం మొదలుపెట్టింది.