బసవపున్నయ్య నొప్పికి మార్కులు

జూలూరుపాడు బసవపున్నయ్య నోట ఏ సంగతీ ఉన్నదున్నట్టు బయటికి రాదు. మిరపచేలో ఎలుక కనిపిస్తే ఊళ్ళోకి వచ్చేసరికి అది అడవిపంది. నాలుగు చినుకులు పడితే గోదావరి పొంగిందనేవాడు. ఆయన మాటలో పదోవంతే నమ్మాలని భార్య ఆదెమ్మ పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది.

అలాంటి మనిషికి కేన్సర్ వచ్చింది. కీమో మందుతో తగ్గింది గానీ, ఆ మందు కాళ్ళ నరాలను పాడుచేసింది.

"మంట ఎట్లుందయ్యా?" అంటే, "చీమ కుట్టినట్టుంది" అనేవాడు.

"మరి చేనుకెందుకు పోతలేవు?"

"ఎలుగుబంటి తిరుగుతుందే!"

చీమలో పదోవంతే కదా అని ఆదెమ్మ నిశ్చింతగా ఉండేది.

ఖమ్మంలో డాక్టరు కొత్త వైద్యం చెప్పాడు. తలకు తీగలు అంటిస్తారు. మనసు కుదుటపడితే ఎదుట తెరమీద పడవ కదులుతుంది. అలా మెదడుకు తర్ఫీదిస్తే నొప్పి తగ్గుతుందట.

"తాతా, నొప్పికి పదిలో ఎన్ని మార్కులు? నాలుగు దాటితేనే చేర్చుకుంటం" అంది మిషన్ నడిపే లిఖిత.

బసవపున్నయ్య ఆదెమ్మ వైపు చూశాడు. "ఒకటి."

"గట్లైతే ఇంటికి పోవచ్చు."

హమ్మయ్య అనుకుంటూ ఆదెమ్మ బయటికి నడిచింది. సంచి మరిచిపోయి వెనక్కి వస్తే, పరదా అవతల ఆయన గొంతు.

"తొమ్మిది రాసుకో బిడ్డా. నిప్పుల మీద నిలబడ్డట్టుంది. మా ఆదెమ్మకు చెప్పకు. కీమో రోజుల్లనే మనిషి సగమైంది. ఆ సగమన్న మిగలనియ్యి."

ఆదెమ్మ పరదా దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎంత తప్పు లెక్క వేసింది తను! లోపలికి వెళ్ళి తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. చివరికి గట్టిగా దగ్గి, ఏమీ విననట్టు సంచి తీసుకుంది.

"ఒకటికి గూడ చేర్చుకున్నరే" అని ఆమెకు చెప్పాడు బసవపున్నయ్య. వారానికి రెండుసార్లు వైద్యం. "ఎట్లుంది?" అంటే "ఏదో, కొంచెం" అనేవాడు. ఆ 'కొంచెం' వింటే ఇప్పుడు ఆదెమ్మకు ప్రాణం విలవిల్లాడేది.

మూడోనెల ఒకరోజు బస్సు దిగి నాలుగడుగులు వేశాడో లేదో, పెద్ద కేక.

"చచ్చిపోయినే! గునపం దిగింది! కాలు ఇటునుంచి అటు తూటుపడ్డది!"

బస్‌స్టాండంతా మూగింది. ఆదెమ్మ ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. పల్లేరు ముల్లు.

"మరి ఆ పాత మంట?"

"మంటేందే! ముందు ముల్లు చూడు. బిందెడు నెత్తురు పోయింది!"

ఒక్క చుక్కయినా లేదు. ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంది, నవ్వు మాత్రం ఆగలేదు.

"బిందెడేందయ్యా, రెండు బిందెలు పోయింది" అంది.