బస్సులోంచే దణ్ణం

పొయ్యి మీద పులిహోర పులుసు దగ్గరపడుతోంది. చింతపండు, ఇంగువ, ఎండుమిరపకాయల ఘాటు నరసరావుపేటలోని మా ఇల్లంతా పాకుతుంటే, హాల్లో నా తమ్ముడు రోమ్ నగరాన్ని రెండు రోజుల్లో ఎలా ముగించాలో ఫోనులో చూసి చదువుతున్నాడు. వచ్చే నెల మేమిద్దరం నాన్నను తీసుకుని వెళ్తున్నాం, నిలవుండే ఈ పులుసు ఆ ప్రయాణానికే. "పొద్దున్నే కొలీజియం, ఆ ఎనకే చర్చీలు, మజ్జాన్నం మ్యూజియం, సాయంత్రం నాణేలేసే ఆ నీళ్ళ ఫౌంటెన్. నాన్న దిగక్కర్లేదులే అక్కా, బస్సులోంచే చూస్తాడు," అన్నాడు. నాన్న నోరు తెరిచి అడిగింది ఆ ఫౌంటెన్ ఒక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ 'బస్సులోంచే' అన్న మాట వినడం నాకు మొదటిసారి కాదు.

మా సొంతూరు రెంటచింతల. అక్కడి ఎండ గురించి చెప్పడం దండగ. వేసవిలో కుళాయి దగ్గర బిందెలు వరసలో ఎండుతుంటే మనుషులం నీడ వెతుక్కునేవాళ్ళం. బతుకంతా నీళ్ళు మోసిన మా నాయనమ్మకు ఒకటే కోరిక. ఎవరూ తోడక్కర్లేకుండా, ఎవరూ మొయ్యక్కర్లేకుండా, ఎత్తిపోతల దగ్గర నీళ్ళు వాటంతటవే పైనుంచి పడుతుంటే కుదురుగా కూర్చుని తనివితీరా చూడాలి. అంత దగ్గర్లో ఉన్న జలపాతాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒక కార్తీకమాసంలో నాన్న వీధిలోవాళ్ళను కూడేసి బస్సు మాట్లాడాడు. అరిటాకుల్లో కట్టిన పులిహోర, డబ్బా నిండా చెక్కలు, సత్తుగిన్నెలో పెరుగన్నం, వెనక సీట్లో బెల్లం గవ్వల కోసం కొట్టుకునే పిల్లలం, పాటలు పాడే పెద్దమ్మలు, కిటికీ పక్కన కలరా ఉండల వాసనేసే కొత్త నేతచీరలో నాయనమ్మ. నాన్న డ్రైవరు పక్కన నిలబడి మమ్మల్ని పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పాడు. మాచర్ల చెన్నకేశవుడు, సాగరు డ్యాము, అనుపు, తిరుగుదారిలో ఎత్తిపోతల, ఆ మీదట కారంపూడి వీరుల గుడి, ఒక్క పగట్లో అన్నీ అయిపోవాలి ఆయనకు! మాచర్లలో గోపురం కనబడగానే, "బస్సులోంచే దణ్ణం పెట్టుకోండి, చూసినట్టే!" అని అరిచాడు. అందరూ చేతులెత్తి మొక్కారు. మావాళ్ళకు అది అలవాటే. పరిగెత్తే బస్సులోంచి మొక్కినా దేవుడికి అందుతుందేమో గానీ, నీళ్ళు అలా కనబడతాయా?

ఎత్తిపోతల చేరేసరికి పొద్దు వాలింది. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ నా భుజం పట్టుకుని బస్సు దిగి, నాలుగడుగులు వేసిందో లేదో, నాన్న హారను మోగించాడు. చల్లగాలి మొహానికి తగులుతోంది, హోరు వినబడుతోంది, ఆ మలుపు తిరిగితే చాలు.

"కూసింతసేపు ఉండరా, నీళ్ళు చూసొస్తా," అంది.

"ఇంకోసారి వద్దాంలేమా, ఎక్కు. చానా ఆలస్యమయింది," అన్నాడు నాన్న.

ఆమె ఆ హోరు వైపు తిరిగి, చేతులెత్తి దణ్ణం పెట్టి బస్సెక్కింది. కారంపూడిలో మేం దిగేసరికి గుడి తలుపులు వేసేసి ఉన్నాయి. ఆ ఇంకోసారి రాకుండానే నాయనమ్మ పోయింది. మూసిన తలుపుల కోసం ఆమె నీళ్ళు ఆమెకు కాకుండా చేశాడని నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ళను తలుచుకుని ఊరికే కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు చేతకాదు.

"ఏం కొంపలు మునిగినయ్‌రా?" అని తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "రోజుకొక్కటి చూద్దాం. ఆ ఫౌంటెన్ కాడ పూటంతా కూర్చుందాం. మిగతాయి పోతే పోనీ!"

"అంత దూరం పోయి అన్నీ చూడకపోతే ఎట్టా అక్కా?"

మూల కుర్చీలో, వాచిన మోకాళ్ళు నిమురుకుంటూ నాన్న కల్పించుకున్నాడు. "నా మూలాన మీకెందుకమ్మా గొడవ? నేను బస్సులోంచే దణ్ణం పెట్టుకుంటాలే."

ఆ పాటలు పోయాయి, గవ్వలు పోయాయి, నేతచీర మనిషీ పోయింది, ఈ దిక్కుమాలిన మాట మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. "అది గుడి కాదు నాన్నా, నీళ్ళు! దిగాల్సిందే!" అని అరిచాను.

పులుసు అడుగంటుతున్న వాసన వస్తోంది.

"ఎత్తిపోతల నేనూ చూళ్ళేదమ్మా," అన్నాడు నాన్న. "ఆ పొద్దు హారను కాడే ఉండిపోయా. అమ్మ లేకుండా మళ్ళీ పోవాలంటే మనసు రాలా."

నా కోపం తగ్గలేదు. పొయ్యి ఆపి వచ్చి, కోపంగానే అన్నాను: "రేపే ఎత్తిపోతల పోదాం. ఈసారి హారను కొట్టినోడి చెయ్యి ఇరగ్గొడతా."