ఎడమచేతి రెండు వేళ్లు

మా అత్తమ్మ పోయిన కబురు అందరికీ ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆ సమయానికి మంచం దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే. మా ఆయన హార్వెస్టర్ డ్రైవరు, కోతలకని రాయచూరు వైపు వెళ్లి ఉన్నాడు. ముందు ఆయనకు చెప్పి, తర్వాత చుట్టాలకు చేశాను. అందరూ మొదట అయ్యో అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "పోనీ బిడ్డా, ఇప్పటికన్న నీకు తిప్పలు తప్పినయ్" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా ఇద్దరిలో ఎవరి వల్ల ఎవరికి తిప్పలో వాళ్లకేం తెలుసు?

ఆమె గురించి మీకు చెప్పాలి. హాలియాలో ఒక రైస్‌మిల్లులో వయసంతా ఊడ్చింది. ఊక ఎత్తింది, నూకలు చెరిగింది. మిషన్ దగ్గరికి మాత్రం ఆడవాళ్లను రానిచ్చేవారు కాదట. "స్విచ్చి కాడ మగోళ్లు, చీపురు కాడ మేము. అదెట్ల తిరుగుతదో సూద్దామని పోతే, చీర సుట్టుకుంటది పో అని కసిరేటోళ్లు" అని చెప్పేది. చెబుతున్నప్పుడు నవ్వేది కాదు.

నల్గొండలో ఆడపిల్లలకు సీఎన్‌సీ శిక్షణ ఇస్తున్నారని, అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఇనుమును చెక్కే మిషన్ నడపడం నేర్పుతారని నేను భయం భయంగా ఇంట్లో అన్నప్పుడు, మా ఆయన నోరు తెరిచేలోపే ఆమె "పో" అంది. "ఇల్లు నేను సూస్కుంట. చీర కట్టుకొని పోకు, డ్రెస్సేసుకొని పో."

సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి గడపలో కూర్చుని ఉండేది. తిన్నావా అని అడిగేది కాదు. "ఇయ్యాల మిషన్ మీద చెయ్యి పెట్టనిచ్చిన్రా?" రోజూ అదే మాట. మొదట్లో మాకు డ్రాయింగులు చదవడం, కొలతలు తీయడమే నేర్పారు. లేదత్తమ్మా అంటే ముఖం మాడ్చుకునేది. "మీ సారుకు నేనొచ్చి చెప్పాల్నా?" అనేది. వచ్చి చెప్పేదే, ఎవరైనా దారి చూపిస్తే. వేలిలో సన్నని ఇనుప ముక్క దిగిన రోజు తన రవిక పిన్నీసు తీసి లాగేసింది. ఇనుము వేడెక్కకుండా మిషన్‌లో పోసే తెల్లనీళ్ల వాసన నా చేతులకు పట్టి సబ్బుకు కూడా పోయేది కాదు. ఆమె నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని, "మంచిగనే ఉన్నది" అనేది. అదేమంత మంచి వాసన కాదు.

చివరికి ఒకరోజు సారు నాతో హ్యాండ్‌వీల్ తిప్పించారు. కోసే పనిముట్టును ఇనుప దిమ్మ దగ్గరికి మెల్లగా తీసుకుపోయే చిన్న చక్రం అది. ఎట్ల తిప్పినవో చూపించమంది అత్తమ్మ. ఉప్పు డబ్బా మూత తీసి చూపించాను. "ఒక్క గీత తిప్పితే టక్కుమంటది. ఒక్క టక్కుకు పనిముట్టు జరిగేది వెంట్రుకంత గూడ ఉండదు" అన్నాను. మూత అందుకుని, రెండు వేళ్లతో తిప్పుతూ, తనే నోటితో టక్కు టక్కు అనుకుంటూ చాలాసేపు ఆడింది. ఆ మర్నాటి నుంచి నేను బయలుదేరుతుంటే 'పో' అనడానికి బదులు గాలిలో ఆ రెండు వేళ్లూ తిప్పేది.

శిక్షణ అయ్యాక చౌటుప్పల్ దగ్గరి ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. బట్టలు సర్దుకున్నాను. ఆ వారమే అత్తమ్మ వాకిలి ఊడుస్తూ పడిపోయింది. దవాఖానలో పక్షవాతమన్నారు. కుడిపక్క పోయింది, మాట పోయింది. నేను సర్దిన బ్యాగు ఆమె మంచం కిందికి పోయింది.

తర్వాత రెండేళ్లు ఆ గదిలోనే. కడగడం, తినిపించడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం. ఆమె అంటే నాకు ప్రేమ. అయినా ఊపిరాడేది కాదు. గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు. నాతోపాటు నేర్చుకున్న అమ్మాయి మిషన్ ముందు నిలబడి ఫొటో పెడితే ఫోన్ బోర్లించేసేదాన్ని. అత్తమ్మ అన్నీ గమనించేది. ఎడమచేయి లేపి రెండు వేళ్లు గాలిలో తిప్పేది.

చూడటానికి వచ్చినవాళ్లు, "ఉక్కపోస్తాంది గావచ్చు, ఫ్యాన్ తిప్పుమంటాంది" అని లేచి రెగ్యులేటర్ పెంచేవాళ్లు. మా ఆయనా అంతే. ఇంటికి వచ్చినప్పుడల్లా, తల్లికి చేయగలిగింది అదొక్కటే అన్నట్టు, ఆమె చేయి లేవగానే వెళ్లి ఫ్యాన్ పెంచేవాడు. చలికాలంలోనూ పెంచాడు. ఆమె విసుగ్గా కళ్లు మూసుకునేది. నేను దుప్పటి కప్పేదాన్ని. అందరూ వెళ్లిపోయాక నా వైపు చూసి మళ్లీ అవే వేళ్లు తిప్పేది.

"పోత అత్తమ్మా, నువ్వు లేచినంక పోత" అనేదాన్ని. తల అడ్డంగా ఊపేది. తనిక లేవలేనని ఆమెకు తెలుసు, వదిలి పోలేనని నాకు తెలుసు. ఇద్దరం అలాగే ఆ గదిలో ఉండిపోయాం.

దినాలు అయ్యి చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం శిక్షణ ఇచ్చిన సారుకు ఫోన్ చేశాను. "చెయ్యి మరిచిపోయి ఉంటది. కొత్త బ్యాచ్‌ల కూసో, మళ్లొస్తది. రేపే రా" అన్నారు. ఆ మాట మా ఆయనకు చెప్పాను.

"సీజన్ల నేను బయటనే ఉంట. నువ్వు గూడ పోతే ఇగ ఇంటికి తాళమేనా?" అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా.

అప్పుడు ఆ వేళ్ల సంగతి చెప్పాను. ఉప్పు డబ్బా మూత తెచ్చి, ఆమె తిప్పినట్టే తిప్పి చూపించాను. ఆయన నా చేతినే చూశాడు.

"ఫ్యాన్ గాదా?" అన్నాడు.

"గాదు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే ఏం జేస్తుంటివి? బండి ఇడిసిపెట్టి అమ్మ కాడ కూసుంటుంటివా?"

కూర్చోలేడని నాకూ తెలుసు. ఆ బండితోనే ఇల్లు గడిచింది, ఆమె మందులూ గడిచాయి.

ఆయన లేచి అత్తమ్మ గదిలోకి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మంచం తీసేసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఎవరికీ ఆపబుద్ధి కాలేదు. రెగ్యులేటర్ మీద రెండు వేళ్లు పెట్టి ఒక్కో గీతా వెనక్కి తిప్పాడు. టక్కు, టక్కుమంటూ అది చివరిదాకా వచ్చింది.

"నల్గొండ బస్సు పొద్దుగాల ఎన్నింటికి?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

చెప్పాను. ఫ్యాన్ నెమ్మదిస్తూ ఉంటే రెక్కలు ఒక్కొక్కటిగా కనిపించాయి. ఇన్నాళ్లూ ఆపి తుడిచింది లేదు. అంచుల వెంట దుమ్ము నల్లగా, వేలెడు మందాన పేరుకుని ఉంది.