పట్టపగటి మంట

మార్లిస్ డైక్‌స్ట్రాకు యాభై ఎనిమిదేళ్లు. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక పాల ఫ్యాక్టరీలో వారమంతా పనిచేస్తుంది. శనివారం వచ్చిందంటే మాత్రం ఆమె కాలు ఒకచోట నిలవదు. తమ్ముడు వెర్న్ నడిపే రేసుకారుకు ఇంధనం పోసేది ఆమే.

శనివారాల్లో ఊరి మట్టి ట్రాకు మీద పందెం తిరిగే ఆ కార్లకు పెట్రోలు కాదు, మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ కావాలి. చూడ్డానికి అచ్చం మంచినీళ్లే. ఇంజన్‌ను మరీ వేడెక్కనివ్వకుండానే పిచ్చి వేగంతో పరుగెత్తిస్తుంది. కాస్త కడుపులోకి పోయిందా, కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. అందుకే మార్లిస్ డ్రమ్ము మీద పుర్రె బొమ్మ గీసింది. చేతి తొడుగులు లేనిదే ఎవరినీ మూత ముట్టుకోనివ్వదు. పక్కనే ఎప్పుడూ మూడు బకెట్ల నీళ్లు ఉంచుతుంది.

"అక్కా, చేపలేమన్నా పెంచుతున్నావా?" అని పక్క జట్టు డ్రైవరు రోస్కో ఏడిపించేవాడు.

"నిన్నే అందులో ముంచుతా, పోరా!" అనేది.

ఆ జులై మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. తొలి రౌండు గెలిచిన రోస్కో కారు ఆపి కిందికి దూకాడు. చేతులు విదిలిస్తూ గంతులు వేస్తున్నాడు.

"గెలిచేసరికి చిందులు చూడండ్రా!" అంటూ జనం ఈలలు వేశారు.

మార్లిస్ కళ్లు చిట్లించి చూసింది. పొగ లేదు, మంట లేదు. కానీ అతని భుజాల పైన గాలి అలలు అలలుగా వణుకుతోంది. చొక్కా మీది అంకె బొబ్బలెక్కి ముడుచుకుపోతోంది. కారులో గొట్టం ఊడి, ఇంధనం ఒంటి మీద చిమ్మి అంటుకుంది. పట్టపగలు మిథనాల్ మంట కంటికి ఆనదు!

"ఒరేయ్, వాడు కాలిపోతున్నాడు!" బకెట్టు ఎత్తుకుని పరుగెత్తింది.

"నీళ్లొద్దు! మంట పాకుతుంది!" రోస్కో దగ్గర కొత్తగా చేరిన మెకానిక్కు అడ్డొచ్చాడు.

"పెట్రోలైతే నీళ్ల మీద తేలి పాకుతుంది. ఇది నీళ్లలో కలిసిపోయి ఆరిపోతుంది. తప్పుకోరా!"

మొదటి బకెట్టు భుజాల మీద గుమ్మరించింది, రెండోది చేతుల మీద. మూడోది వెర్న్ అందించాడు. గాలిలో వణుకు ఆగింది. రోస్కో మోకాళ్ల మీద కూలబడి, "పొయ్యి అక్కా, ఇంకా పొయ్యి!" అని అరుస్తూనే ఉన్నాడు.

మంటకు ఆగే చొక్కా కాపాడిందని, చేతులు మాత్రమే కాలాయని, నెలలో మానతాయని అంబులెన్సు వాళ్లు చెప్పారు. లోపలికి ఎక్కిస్తుంటే రోస్కో తల తిప్పాడు. "అక్కా, ఫైనల్లో నేనెటూ లేను. ఇవాళ వెర్న్ గెలవకపోతే సిగ్గుచేటు!"

మార్లిస్ ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఫైనల్ మొదలవగానే కంచె పట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా తమ్ముడి పేరు అరిచింది. వెర్న్ మూడోవాడిగా వచ్చాడు. అయినా ఆమె తడి చెప్పులతోనే ట్రాకు మీదికి పరుగెత్తి వాడిని వాటేసుకుంది.