రాబందులకు టచప్

మా ఆయన ఫోటోగ్రాఫర్. ఊళ్ళో ఎవరి గుర్తింపు కార్డు తీసి చూసినా అందులోని ముఖం ఆయన తీసిందే. ఆ ముఖమూ ఆ మనిషీ ఒకటేనా అని మాత్రం అడక్కూడదు. ఫోటో తీయడం ఆయనకు అర నిమిషం పని, టచప్ చేయడం అరపూట పని. మొటిమలు మాయం, ముడతలు మాయం, బట్టతల మీద వెంట్రుకలు ప్రత్యక్షం. రెప్ప వేసినవాళ్ళ కళ్ళు కూడా ఆయనే తెరుస్తారు. దేవుడు హడావుడిలో సగం సగం వదిలేసిన పనులన్నీ మా ఇంటి ముందుగదిలో పూర్తవుతాయన్నమాట.

టచప్ అవగానే అసలు ఫోటోను చెరిపేయడం ఆయన నియమం. ఒకసారి ఒక పెళ్ళికూతురి మేనత్త అసలు ఫోటో చూసేసి, "నా మెడ ఇలా ఉంటుందా? ఎవరి మెడ తెచ్చి పెట్టావు?" అని స్టూడియోలో శోకాలు పెట్టింది. అప్పటినుంచి అసలుది ఎవరి కంటా పడకూడదన్నది మా ఇంట్లో శాసనం.

నేను కౌంటర్లో కూర్చుని ఫోటోలు కత్తిరిస్తాను. నా కుడి చెంప మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఉంది. వీధిలోకి కనబడేలా ముందు షోకేసు అద్దంలో నా ఫోటో పెద్దది పెట్టారు మా ఆయన. అందులో మచ్చ లేదు. వచ్చినవాళ్ళు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ చెల్లెలా అండీ?" అంటారు. "అవునండీ, పోయింది పాపం," అంటాను. వాళ్ళు నొచ్చుకుంటారు. లోపల్నుంచి మా ఆయన దగ్గుతారు.

ఇంత ఘనుడికి ఒకే ఒక్క దిగులు. ఇన్నేళ్ళలో ఒక్క ఫోటో కిందా ఆయన పేరు అచ్చు కాలేదు. అన్నం ముందు కూర్చున్నా పేపరు విప్పి, బొమ్మల కింద చీమతలకాయంత అక్షరాలు చదివి నిట్టూరుస్తారు.

ఆ మధ్య ఒక పల్లె బడిలో గ్రూప్ ఫోటో తీసి, ఇద్దరం స్కూటర్ మీద వస్తున్నాం. నేను లైట్లు పట్టుకునే అసిస్టెంటునన్నమాట, జీతం లేని ఉద్యోగం. పొలాల మధ్య రోడ్డు మీద గుప్పుమని కంపు కొట్టింది. చూస్తే చచ్చిన గేదె, దాని చుట్టూ పెద్ద పెద్ద పక్షులు.

"ఏమే, రాబందులే! చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇదే చూడ్డం!"

"చూశారుగా, ఇక పదండి. ఈ కంపు నేను భరించలేను."

ఎవరు వింటారు? స్కూటర్ నా చేతికిచ్చి, రోడ్డు పక్కన మట్టిలో బోర్లా పడుకున్నారు. అలవాటు చావదు కదా, రాబందుకి కూడా "గడ్డం కొంచెం పైకి... ఆ, అలాగే" అని చెబుతున్నారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మా అక్కకి పంపి నవ్వుకుందామని నేనూ ఫోన్లో ఒక ఫోటో కొట్టాను.

ఇంటికి రాగానే పక్షుల మేడమ్‌కి ఫోన్ చేశారు. ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది, వారం వారం పేపర్లో పక్షుల గురించి రాస్తుంది. "రాబందులా! ఈ చుట్టుపక్కల అవి కనబడి ఎన్నేళ్ళయిందో తెలుసా సార్? ఫోటోలు సిద్ధం చేయండి, నేనే వస్తాను. మీ పేరుతోనే వేయిస్తాను," అందావిడ.

మీ పేరుతోనే! ఇక ఆ మనిషి కాళ్ళు నేల మీద ఆనలేదు. గది తలుపు వేసుకుని, కాఫీ ఇచ్చినా తాగకుండా, కంప్యూటర్ ముందు తపస్సు చేశారు.

మేడమ్ వచ్చింది. ఫోటోలు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇవేం పక్షులండీ?"

"రాబందులు మేడమ్!"

"రాబందుకి మెడ మీద ఇన్ని ఈకలు ఎక్కడివి?"

"బోడిగా, అసహ్యంగా ఉందని..." అన్నారు మా ఆయన. "కొద్దిగా సర్దాను."

సర్దింది మెడ ఒక్కటే అయితే బాగుండేది. ముక్కుల మీద నెత్తురు తుడిచేశారు. గేదెను తీసేసి పచ్చగడ్డి మొలిపించారు. వెనకాల ఆకాశం సరిపోలేదని గుర్తింపు కార్డుల నీలం రంగు పరిచారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోబోతున్నట్టు వరసగా కూర్చున్నాయి రాబందులు.

"అసలు ఫోటోలు ఇవ్వండి," అంది మేడమ్.

అసలువి ఎక్కడున్నాయి? శాసనం ప్రకారం చెరిపేశారు.

"నేనేదో నిజమని పరిగెత్తుకొచ్చాను. ఇలా బొమ్మలు అతికించి నా టైమ్ ఎందుకండీ వేస్ట్ చేయడం?" అని ఆవిడ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మా ఆయన ఒక్కరే స్కూటర్ వేసుకుని వెళ్ళారు. ఎముకలు తప్ప ఏమీ లేవట. తిరిగొచ్చి పేపరు కూడా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. దొంగ అనిపించుకున్నా ఇంత బాధపడేవారు కాదేమో. నాకు జాలేసింది. ఈ మాట ఆయనకు చెప్పకండి, నెత్తికెక్కుతారు.

ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాను. ఫోటోలో ముందుగా కనిపించేది ఆయన వెనకభాగం. చొక్కా నడుము పైకి లేచిపోయింది, పొట్ట పక్కకు జారి మట్టిలో పరుచుకుంది. ఆ అవతల రాబందులు. బోడి మెడలు, ఎర్రటి ముక్కులు, చీల్చిన గేదె, అన్నీ ఉన్నాయి.

దిగ్గున లేచి కూర్చున్నారు. "ఎంత బాగా వచ్చాయే!" అంటూనే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. బాణం గుర్తు తిన్నగా వెళ్ళి పొట్ట మీద ఆగింది.

"ఈ ఒక్కటీ... కొంచెం..."

"పొట్ట ఒక్కటి అబద్ధమని తేలితే చాలు, రాబందుల్ని కూడా నమ్మదు ఆవిడ. తర్వాత మీ ఇష్టం."

చాలాసేపు ఆ పొట్టవంకే చూశారు. తర్వాత మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "పంపించేయ్," అని లేచి వెళ్ళిపోయారు.

ఆదివారం పేపర్లో పడింది. 'రాబందులను ఫోటో తీస్తున్న స్థానిక ఫోటోగ్రాఫర్' అని రాశారు, పేరు లేదు. కింద చీమతలకాయంత అక్షరాల్లో 'ఫోటో' అని, పక్కన నా పేరు. ఊరంతా నవ్వింది. పాలవాడు, "పొట్ట బాగా వచ్చింది సార్!" అని మెచ్చుకున్నాడు. మా ఆయన మాత్రం ఆ ముక్క కత్తిరించి, నా పేరు చిరగకుండా జాగ్రత్తగా అద్దంలో అంటించారు.

తర్వాత నావైపు తిరిగి, "వచ్చి స్టూల్ మీద కూర్చో," అన్నారు. ఫోటో తీశారు. ఇక తలుపు వేసుకుంటారు, అరపూట పడుతుంది, ఈలోగా అన్నం వార్చుకోవచ్చని నేను లేస్తున్నాను. అప్పుడే ప్రింటర్ గరగరమంది. పాత ఫోటో తీసి, అద్దంలో కొత్తది పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఒకాయన కార్డు ఫోటోకి వచ్చాడు. అద్దంవంక చూసి, నావంక చూసి, "ఇది మీరే కదండీ?" అన్నాడు.

"నేనేనండీ," అన్నాను. లోపల్నుంచి దగ్గు వినబడలేదు. వచ్చినాయన వెళ్ళాక వీధిలోకి వెళ్ళి చూసుకున్నాను. జుట్టు చెదిరి ఉంది. కొంచెం సర్దమని చెబుదామని లోపలికి రెండడుగులు వేసి, ఊరుకున్నాను.