రెండు సాక్ష్యాలు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది మా తమ్ముడు నరసాపురం బజారులో ఒక బట్టల కొట్టు యజమాని పీక పట్టుకుని, గల్లాపెట్టె లాక్కోబోయి దొరికిపోయాడు. ఆ పెట్టె దేవుడిదనీ, తనను తెమ్మన్నాడనీ అరిచాడట. దోపిడీ ప్రయత్నం కేసు పెట్టారు. నేరం రుజువైంది. శిక్ష ఎంతన్నదే మిగిలింది.

విశాఖపట్నం పిచ్చాసుపత్రిలో వాడు నాలుగు నెలలు ఉన్న కాగితాలు మా ప్లీడరుగారు దాఖలు చేశారు. జబ్బు మనిషని జడ్జిగారు నమ్మితే శిక్ష తగ్గుతుందనీ, ఇంట్లోవాళ్లు ఎవరైనా వచ్చి చెప్పాలనీ అన్నారు. నాన్న లేడు. అమ్మకు నలుగురిలో నోరు పెగలదు. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పే నేను బోనెక్కి, వాడు పడ్డ బాధంతా చెప్పాను. జడ్జిగారు శ్రద్ధగా రాసుకున్నారు.

అప్పుడు సర్కారు ప్లీడరుగారు లేచారు.

"ఏవమ్మా, మీ తమ్ముడికి జబ్బు పూర్తిగా తగ్గిపోయిందని మీ చర్చిలో సాక్ష్యం చెప్పారా?"

ఆ కొట్టు మా మందిరానికి ఎదురుగానే ఉంది. మా మైకు బజారంతా వినిపిస్తుంది. గొడవకు నెల ముందు, ఉపవాస ప్రార్థనలు ముగిసిన ఆదివారం, ప్రభువు నా తమ్ముణ్ణి స్వస్థపరిచాడని సంఘం ముందు చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

"చెప్పానండి."

"అది అబద్ధమా?"

ప్రభువు పేరు మీద చెప్పిన మాట. కాదండి అన్నాను.

ఆయన కూర్చున్నారు. మా ప్లీడరుగారు నావైపు చూడనైనా చూడలేదు.

తోడబుట్టినదే తగ్గిందని ఒప్పుకున్నాక పాత కాగితాలతో పనిలేదన్నారు జడ్జిగారు. రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. చర్చిలో సాక్ష్యం చెప్పిన ఆ ఆదివారమే, మాత్రలు మింగడం అవిశ్వాసమని నేనే వాడిచేత మాన్పించాననీ, మూడు వారాలు తిరక్కుండానే వాడికి నిద్ర కరువై జబ్బు తిరగబెట్టిందనీ అప్పుడు నా నోటిదాకా వచ్చింది. అడిగినవాళ్లు లేరు. బంట్రోతు తర్వాతి కేసు పిలిచేశాడు. వాడు మాత్రం పోలీసుల మధ్య నుంచి, బాగా చెప్పావన్నట్టు తలూపాడు.

రాజమండ్రి జైలుకు చూడ్డానికి వెళ్తే వాడు కటకటాల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"డాక్టరుగారు మాత్రలిస్తున్నారక్కా. దాచేస్తున్నాను. వేసుకుంటే నీ సాక్ష్యం అబద్ధమైపోద్దేమో."

వేసుకోమన్నాను. అయితే ప్రార్థన మానెయ్యనా అన్నాడు. వద్దు, రెండూ చెయ్యమన్నాను.

వాడు కటకటాలకు మొహం ఆనించాడు.

"మరి ఈ మాట కోర్టులో చెప్పలేదేంటే?"